విమానం లెక్కలో లేని బస్సు

"గాల్లో పోయేదానికి అన్ని లెక్కలు కట్టినారు గదా సార్, నా బస్సుకు లెక్క కట్టింది ఎవురు?"

తిరుపతిలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి సమావేశ మందిరంలో, మెడలో బంతిపూల దండతో నిలబడి మునిరత్నమ్మ ఈ ప్రశ్న అడిగింది. వేదిక మీద వైద్యులున్నారు. పోలీసు అధికారులున్నారు. ప్రతి ఒక్కరి ముందూ ఒక మైకు ఉంది. ఒక్క మైకులోనూ జవాబు పలకలేదు. ఆ మందిరంలో ఆ తర్వాత ఎన్నో సభలు జరిగాయి, ఎందరికో శాలువాలు కప్పారు. ప్రశ్న మాత్రం ఆమె వదిలిన చోటనే ఉంది.

ఆమె కోపంతో అడిగి ఉంటే సభవారికి సులువుగా ఉండేది. కోపాన్ని ఎలా చల్లార్చాలో వారికి శిక్షణలో నేర్పిస్తారు. ఆమె, కొత్త ఊళ్ళో దిగిన మనిషి దారి అడిగినట్లు అడిగింది.

మునిరత్నమ్మది పూతలపట్టు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తుంది. ఆ కాలం అయిపోయాక బెల్లం గానుగల దగ్గర చెరకు పిప్పి ఎండబెడుతుంది. ఒక్కడే కొడుకు, మునిచంద్ర. తోటల నుంచి ఫ్యాక్టరీలకు కాయలు చేరవేసే టెంపో నడిపేవాడు. జూన్ నెలలో ఒక సాయంత్రం టెంపోను ఫ్యాక్టరీ గేటు బయట నిలిపి, మోటారు సైకిలు మీద ఇంటికి వస్తుండగా వెనుక నుంచి లారీ తగిలింది. ఒంటి మీద పెద్ద గాయాలు లేవు. తల మాత్రం రోడ్డుకు కొట్టుకుంది.

మూడో రోజు రాత్రికి వైద్యులు తేల్చి చెప్పారు. మెదడు చనిపోయింది. ఊపిరి యంత్రానిది. గుండె మాత్రం తనంత తాను కొట్టుకుంటోంది, ఆ ఇల్లు ఖాళీ అయిందన్న కబురు ఇంకా తనకు అందనట్లు.

చెప్పవలసిన మాటలు చెప్పడానికి ఆ ఆసుపత్రిలో ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉన్నాడు. పేరు ప్రతాప్. అవయవాలు ఇచ్చేవారి కుటుంబాలతో మాట్లాడడం, పుచ్చుకునే ఆసుపత్రులతో సమయాలు కుదర్చడం అతని పని. మెత్తగా మాట్లాడతాడు. మునిరత్నమ్మనూ, మునిచంద్ర భార్య హేమశ్రీనీ ఒక చల్లని గదిలో కూర్చోబెట్టి, గుండె, కాలేయం, మూత్రపిండాలు ఎవరెవరిని బతికించగలవో వివరించాడు. హేమశ్రీ అత్త ముఖం చూసింది.

"తీసేటప్పుడు వానికి నొప్పి తెలస్తాదా?" అని అడిగింది మునిరత్నమ్మ.

"తెలియదమ్మా. ఏమీ తెలియదు."

"అట్లయితే తీసుకోండి."

అంతే. ఆమె బేరమాడలేదు, ఏడ్చి కాళ్ళ మీద పడలేదు. అడిగింది ఒక్కటే. వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పోయే ప్రాణానికి కన్నతల్లి బతికి ఉంటే ఆమే గొంతు తడపాలి. ఆ నీళ్ళు బిడ్డ పుట్టిన ఇంటి బానలోవి కావాలి. గడప దాటినప్పటి నుంచి గొంతులో పోసేదాకా చెంబును నేల మీద దించకూడదు, మరొకరి చేతికి ఇవ్వకూడదు. మునిరత్నమ్మ భర్త పోయేటప్పుడు, నడుము పడిపోయిన ఆమె అత్త వంటింటి నుంచి మంచం దాకా ఒక చేత్తో పాకుతూ వచ్చింది. రెండో చెయ్యి చెంబును ఎత్తి పట్టుకునే ఉంది. ఆ దృశ్యం చూసిన కోడలు తన వంతు వచ్చినప్పుడు ఆచారం ఎందుకని అడగదు.

"ఊరికి పోయి నీళ్ళు తెచ్చుకుంటా సార్. వాని గుండె కొట్టుకుంటా ఉండగానే పొయ్యాల," అంది.

వార్డు నర్సు రూతు పక్కనే ఉంది. "నోట్లో గొట్టం ఉండాదమ్మా, లోపలికి పొయ్యగూడదు. పెదాలు తడపండి సాలు. నేను పక్కన ఉంటాను," అంది.

ప్రతాప్ చేతి గడియారం చూసుకున్నాడు. "రేపు మధ్యాహ్నం దాకా సమయం ఉందమ్మా. మీరు నిదానంగా వెళ్ళి రండి. మీరు వచ్చేదాకా ఆయన్ని ఇక్కడి నుంచి కదిలించం."

తెల్లవారుతుండగానే ఆమె మొదటి బస్సు పట్టుకుని పూతలపట్టుకు బయలుదేరింది.

ఇక రెండో వైపు లెక్క. గుండెను అందుకోవలసిన మనిషి అహ్మదాబాద్‌లో ఉన్నాడు. ఒక ఛాతీలోంచి తీసిన గుండె నాలుగు గంటల లోపల మరో ఛాతీలో కొట్టుకోవాలి. తిరుపతికీ అహ్మదాబాద్‌కూ మధ్య ఆకాశంలో గీత గీస్తే దాదాపు పదమూడు వందల కిలోమీటర్లు. అద్దె విమానానికి రెండు గంటల లోపు. ఇక్కడ ఆసుపత్రి నుంచి రేణిగుంట విమానాశ్రయానికి ఇంత, అక్కడ విమానాశ్రయం నుంచి శస్త్రచికిత్స బల్లకు ఇంత. గుండెను కుట్టడానికి ఇంత. ఆ చివర నుంచి ఒక్కొక్కటే తీసేసుకుంటూ వెనక్కి వచ్చారు. మునిచంద్ర ఛాతీ మీద మొదటి గాటు పడవలసిన నిమిషం దగ్గర ఆగారు. ఆ లెక్కను తప్పు పట్టడానికి వీల్లేదు. చదువుకున్నవాళ్ళు, ఆ విద్యలో ఆరితేరినవాళ్ళు వేసిన లెక్క. గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో కూడా అందులో ఉంది. పూతలపట్టు నుంచి వచ్చే బస్సు మాత్రం లేదు.

ఆ బస్సులో మునిరత్నమ్మ రెండు చేతులతో ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. చెంబు మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. పొద్దున పూట బస్సు, పాలవాళ్ళు, కాలేజీ పిల్లలు, కోర్టు పనుల మీద పోయేవాళ్ళు, కొండకు పోయే కుటుంబాలు. కండక్టరు చెంగయ్య టిక్కెట్లు కొడుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఆ సెంబు కింద పెట్టి కమ్మీ పట్టుకో. మా డ్రైవరు బ్రేకు యేస్తే ముందర అద్దంలో ఉంటావు."

"దించగూడదబ్బా."

"దించగూడనంత ఏముందక్కా దాంట్లో, నెయ్యా?"

"నెయ్యి అయితే మూత యేస్తారు. గుడ్డ కట్టినారంటే కల్లే," అన్నాడు వెనుక సీట్లోంచి ఎవరో. నలుగురు నవ్వారు.

"నా కొడుక్కు కడపటి నీళ్ళు," అంది మునిరత్నమ్మ. "ఆస్పత్రిలో ఉండాడు. మద్యాన్నం దాకా ఆగతామన్నారు."

నవ్విన నలుగురూ కిటికీల వైపు తిరిగారు. చెంగయ్య టిక్కెట్ల మిషను సంకలో పెట్టుకుని, డ్రైవరు వెనుక సీట్లో కూర్చున్న లావుపాటి మనిషి భుజం తట్టాడు. "లెయ్యబ్బా. నువ్వు నిలబడితే బస్సుకే మంచిది." ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. డ్రైవరు అద్దంలో ఒకసారి చెంబును చూశాడు. ఆ రోజు ఆ బస్సు టీకి ఆగలేదు.

గాదంకి దాటుతుండగా ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో ఫోను మోగింది. పక్క సీటు పిల్ల, "అవ్వా, ఫోను తీసి నీ సెవి కాడ పెట్టేదా?" అంది.

"వద్దులేమ్మా. నా కోడలే. యాడుండావు అని అడగతాది. ఆడికే పోతా ఉండాం గదా."

ఫోను ఆగిపోయింది. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగిపోయింది.

చంద్రగిరి వెనుకబడింది. తిరుపతి బైపాస్ కూడలి దగ్గరికి వచ్చేసరికి బస్సు ఆగింది. ముందర లారీలు, ఆటోలు, కార్లు. అడ్డంగా పోలీసుల ఇనుప కంచె. దాని అవతల రోడ్డు కడిగి ఆరబెట్టినంత ఖాళీగా ఉంది. ఆ ఖాళీ రోడ్డుకు ఆ పక్కన, ఇళ్ళ మీదుగా, ఆసుపత్రి పేరున్న నీలం బోర్డు కనిపిస్తోంది.

తిరుపతిలో రోడ్డు ఆపారంటే జనానికి తెలిసిన కారణం ఒక్కటే. ఎవరో పెద్దవాళ్ళు కొండకు పోతున్నారు. ఆ ఊరివాళ్ళు ఇంకో కారణం ఊహించరు, ఊహించవలసిన అవసరం వారికి ఎప్పుడూ రాలేదు.

"ఎవురప్పా ఈ పొద్దు?"

"మంత్రంట."

"మంత్రి మొన్ననే పోయినాడు. ఈయన జడ్జి."

"ఎవురైతే ఏమిలే. వాళ్ళకు దేవుడే ఎదురొచ్చి దర్శనం ఇస్తాడు. మనం కంపార్టుమెంట్లో కూసోని ఉప్మా తిందాం."

"ఆ ఉప్మాకు గూడా ముందర వాళ్ళే పోతారప్పా."

బస్సంతా నవ్వింది. మునిరత్నమ్మ లేచి, మోచేతులతో దారి చేసుకుంటూ కిందికి దిగింది. చెంబు గుండెకు ఆనించుకుని కంచె దగ్గరికి నడిచింది. అక్కడ ఒక కానిస్టేబులు ఎండకు కళ్ళు చిట్లించి నిలబడి ఉన్నాడు.

"నాయనా, నన్నొకదాన్ని దాటనీ. ఆస్పత్రి ఆ కనపడేదే."

"దాటగూడదమ్మా. ఆర్డరు."

"నడిసి పోతానయ్యా. బండి గాదు గదా."

"మనిసైనా బండైనా ఒకటే. రోడ్డు మీద ఈగ గూడా ఉండగూడదన్నారు."

"నా కొడుకు పోతా ఉండాడు నాయనా. గొంతులో నీళ్ళు పొయ్యాల."

కానిస్టేబులు ఆమెను కాక చెంబును చూశాడు. "అందురూ ఏదో ఒకటి సెప్తారమ్మా. నిన్న ఒకామె కాన్పు అనింది. పొయ్యి సూస్తే సినిమాకి."

"పోయేది ఎవురు?"

అతనికి తెలియదు. రోడ్డు ఖాళీగా ఉంచమన్నారు, ఎవరికోసమో చెప్పలేదు. తెలియదని చెప్పడం ఆ దుస్తులకు మర్యాద కాదు కనుక రోజూ చెప్పే మాటే చెప్పాడు.

"పెద్దోళ్ళులే."

అప్పుడే సైరను వినబడింది. ముందు పోలీసు జీపు, దాని వెనుక ఒక తెల్లని బండి, ఆ వెనుక ఇంకో జీపు. వేగం చూస్తే, వెనుక మిగిలిన మనుషులెవరితోనూ వాళ్ళకు ఏ సంబంధమూ లేనట్లుంది. మునిరత్నమ్మ ఒక్క క్షణం ఆ ఖాళీ రోడ్డునూ, ఆ నీలం బోర్డునూ చూసింది. వంగి, చెంబును తారు రోడ్డు అంచున దించింది. దోసిలి నిండా దుమ్ము ఎత్తి ఆ తెల్లని బండి మీదికి విసిరింది.

"నువ్వు పోయే తావుకు సేరకుండా పోతావు. దార్లోనే నిలిచిపోతావు."

దుమ్ము కొంత గాలికి ఎదురు తిరిగి ఆమె ముఖం మీదే పడింది. కొంత బండి వెనుక అద్దాన్ని తాకింది. బండి కనిపించకుండా పోయింది. కానిస్టేబులు ఆమె రెక్క పట్టి పక్కకు లాగాడు, గట్టిగా ఏమీ కాదు, దారిలో పడిన ఆకును తొలగించినట్లు. అప్పుడు ఆమెకు నేల మీది చెంబు కనిపించింది. ఎవరూ చూడలేదు. గబుక్కున ఎత్తి, అడుగున అంటిన తారును కొంగుతో తుడిచింది.

కంచె తీశారు. ఆమె బస్సు కోసం ఆగలేదు.

వార్డులో మునిచంద్ర మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా మార్చేశారు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో హేమశ్రీ కూర్చుని ఉంది.

"రెండు తూర్లు ఫోను చేసినా గదత్తా."

"యాడికి తీస్కపోయినారు?"

"నీకు ఫోను చేసేటప్పుడే, ఆపరేషనుకు. పొద్దున్నే. మా అత్త వచ్చేదాకా ఆగతామన్నారు గదా సార్, అన్నాను. వచ్చేస్తారులేమ్మా, అన్నాడా ప్రతాప్ సారు. నేను ఆ మంచం పట్టుకోనే ఉన్నా అత్తా. చక్రాల మంచం. దాన్ని పట్టుకోని ఎంత సేపు ఆపేది?"

రూతు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఓదార్పు మాట ఏదైనా చెప్పాలనుకుంది. నోటికి వచ్చింది ఇది.

"గుండె ఇప్పుడే పోయిందమ్మా. మీకు ఎదురుగానే వచ్చుండాలే. ముందర పోలీసు జీపు, వెనక తెల్ల బండి. మీరు సూడలేదా?"

మునిరత్నమ్మ కూలిపోలేదు. ఆమె చేతుల్లో చెంబు ఉంది, మళ్ళీ దించడానికి వీల్లేదు. రూతు నోటి వంకే చూసింది, ఆ మాటలు వెనక్కి పోతాయేమో అన్నట్లు.

"అది సేరిందా?" అంది.

"ఇంకా విమానం గూడా ఎక్కుండదమ్మా."

అప్పటి నుంచి ఆ వరండాలో ఆమె అడిగిన మాట అదొక్కటే. తెల్లకోటు వేసుకున్న ప్రతి మనిషినీ, ఊడ్చే ఆమెను కూడా, అడిగింది. సేరిందా? ప్రతాప్ ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే అతని వెనుకే తిరిగింది. దార్లోనే నిలిచిపోతావు అన్న తన మాట ఇప్పుడు ఆకాశంలో ఆ విమానం వెంట పోతోంది. దాన్ని వెనక్కి పిలిచే దారి ఆమెకు తెలియదు. ప్రతాప్ మాత్రం వేరే సంగతి చూశాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న వైద్యుడితో, "కొడుకు పోయిన దుఃఖంలో కూడా ఆ తల్లి ఎవరికోసం తపిస్తోందో చూడండి సార్," అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి కూడా.

ఆ మధ్యలో రూతు ఆమెను గోడ పక్కకు తీసుకుపోయి, గొంతు తగ్గించి చెప్పింది. "మీకు తెలియాలమ్మా. మద్యాన్నమే అనుకున్నారు, నిజమే. అక్కడ ఉండే మనిసికి గూడా సాయంత్రం దాకా ఆగే వీలుండాది. పొద్దున విమానం వాళ్ళు ఫోను చేసినారు. సాయంత్రానికి విమానం ఖాళీ కావాలంట. ఎవురో పెద్ద కుటుంబాన్ని దర్శనానికి తీస్కరావాలంట. ముందరే పోతే సరి, లేకపోతే ఇంకో విమానం సూసుకోండి అన్నారు. అందుకే అన్నీ ముందరికి జరిపినారు."

"మా కోడలు సెప్పింది గదా, నేను దార్లో ఉండానని."

"సెప్పింది. నేను గూడా సెప్పినాను." రూతు నేల చూసింది. "అరగంట సాలు సార్ అన్నాను. అరగంట ఎవురినడిగేది సిస్టర్, అన్నాడు ప్రతాప్ సారు."

బస్సులోవాళ్ళు పూర్తిగా పొరపాటు పడలేదన్నమాట. రోడ్డు ఆగింది గుండె కోసమే. ఆ గుండె తొందరపడింది మాత్రం కొండకు పోయేవాళ్ళ కోసం.

మధ్యాహ్నం దాటాక ప్రతాప్ ముఖం వెలిగింది. మునిరత్నమ్మ దగ్గరికి తనే వచ్చాడు. "దిగిందమ్మా. గంటా యాభై నిమిషాలు. తిరుపతి నుంచి అహ్మదాబాద్‌కి. ఎక్కడా ఒక్క క్షణం ఆగలేదు."

"యాడా నిలవలేదా?"

"లేదమ్మా."

"సేరిందా?"

"చేరింది."

"కొట్టుకుంటా ఉండాదా?"

ఆ జవాబు రావడానికి ఇంకొంత సేపు పట్టింది. కొట్టుకుంటోంది అని అతను చెప్పినప్పుడు ఆమె గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చుంది. చెంబు ఒళ్ళోనే ఉంది. తన నోటి మాట పనిచేయనందుకు ఆమె ఎవరికి మొక్కిందో తెలియదు. పెదాలు మాత్రం కదిలాయి.

సాయంత్రం మునిచంద్రను ఇచ్చారు. కుట్లన్నీ తెల్లగుడ్డ కింద ఉన్నాయి. గొట్టం తీసేశారు కనుక నోరు ఇప్పుడు అడ్డం లేకుండా ఉంది. "నీళ్ళు పొయ్యి అత్తా," అంది హేమశ్రీ. మునిరత్నమ్మ చెంబు మూతికి కట్టిన గుడ్డ విప్పింది. కొడుకు చెంప మీద చెయ్యి వేసింది. చల్లబడిపోయింది. చెంబు వంచింది. నీళ్ళు లోపలికి పోలేదు. పెదాల మూల నుంచి కారి, చెవి వెనుకగా తెల్లగుడ్డలోకి ఇంకిపోయాయి. ఆ నీళ్ళు దారిలో ఒకసారి నేల మీద దిగాయన్న సంగతి ఆ గదిలో ఆమె ఒక్కతికే తెలుసు. ఇప్పుడు దించవచ్చు కాబట్టి ఖాళీ చెంబును నేల మీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

అద్దె వ్యానులో మునిచంద్రను ఊరికి తీసుకుపోతుండగా అదే కూడలిలో వ్యానును ఆపారు. అదే ఇనుప కంచె. ఖాళీ రోడ్డు మీద రేణిగుంట వైపు నుంచి అలిపిరి వైపు నల్లకార్లు బారుగా పోయాయి. పొద్దున గుండెను తీసుకుపోయిన విమానంలోనే వచ్చినవాళ్ళా కాదా అన్నది మునిరత్నమ్మకు తెలియదు. వ్యాను డ్రైవరు తల బయటపెట్టి, "లోపల శవం ఉండాది సార్," అన్నాడు.

"శవానికి తొందరేముందబ్బా," అన్నాడు కానిస్టేబులు.

ఈ మాటకు జవాబు చెప్పగల ఒకే ఒక మనిషి వ్యాను లోపల కొడుకు తల పట్టుకుని కూర్చుని ఉంది. రోడ్డు పక్కన కావలసినంత దుమ్ము ఉంది. ఆమె దాని వంక కూడా చూడలేదు.

ఆ తర్వాత సన్మానం. దినాలన్నీ అయిపోయాక ప్రతాప్ పూతలపట్టుకు కారు పంపించాడు. మునిరత్నమ్మ రానంది. "పోదామత్తా. ఆయన పేరు పది మందిలో సెప్తారంట," అంది హేమశ్రీ. అందుకని వచ్చింది. ముందు వరుసలో కూర్చోబెట్టి దండలు వేశారు. పెద్ద వైద్యుడు దూరం గురించి మాట్లాడాడు, కాలం గురించి మాట్లాడాడు. రెండు నగరాల మధ్య దూరాన్ని మానవత్వం జయించింది అన్నాడు. పోలీసు అధికారి తన సిబ్బంది ఒక్క వాహనాన్ని కూడా అడ్డు రానివ్వలేదని చెప్పాడు. తర్వాత దీపాలు తగ్గించి తెర మీద వీడియో వేశారు.

ఎవరో మేడ మీద నుంచి తీసినది. అప్పటికే లక్షల మంది చూశారట, ఎర్ర గుండె బొమ్మలు పెట్టారట. ఖాళీ రోడ్డు, జీపు, తెల్లని బండి. వెనుక వీణ సంగీతం. కూడలిలో బండి మలుపు తిరుగుతున్నప్పుడు, కంచె పక్కన ఒక ముసలామె రెండు చేతులూ ఎత్తి బండి మీదికి ఏదో చల్లింది. అక్కడ వీడియోను నెమ్మది చేశారు. ఆ చేతుల నుంచి లేచినది సూర్యుడి వెలుగులో బంగారు రంగులో మెరిసింది.

"చూడండి," అన్నాడు ప్రతాప్ మైకులో. "ఎవరో తెలియని తల్లి. ఆ గుండె మీద పూలు చల్లుతోంది. ఇదీ మన తిరుపతి."

సభ చప్పట్లు కొట్టింది. కొందరు లేచి నిలబడి కొట్టారు. హేమశ్రీ తెర వంక చూసి, పక్కకు తిరిగి అత్త కట్టుకున్న చీర చూసింది. అదే చీర. మంచి చీర అదొక్కటే ఉంది. హేమశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి రాయిలా ఉంది.

మునిరత్నమ్మ లేచింది. దీపాలు వెలిగించారు, ఆమె కృతజ్ఞతలు చెప్పబోతోందనుకుని మైకు అందించారు.

"అవి పూలు గాదు నాయనా," అంది. "దుమ్ము. ఆమె నేనే."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"నీళ్ళు తెచ్చుకోమని మీరే పంపిస్తిరి. వచ్చేదాకా ఆగతామంటిరి. వస్తా ఉంటే మీరే నిలిపిస్తిరి. నా బిడ్డ గుండె నాకు ఎదురుగా పోతా ఉంటే నేను దుమ్మెత్తి పోసినాను. అది సేరింది, సంతోషం. ఎవురో బతికినారు, వాళ్ళు సల్లగా ఉండాల. నేను అడిగేది ఒకటే. గాల్లో పోయేదానికి అన్ని లెక్కలు కట్టినారు గదా సార్, నా బస్సుకు లెక్క కట్టింది ఎవురు?"

పెద్ద వైద్యుడు పోలీసు అధికారి వంక చూశాడు. పోలీసు అధికారి ప్రతాప్ వంక చూశాడు. ప్రతాప్ తన చేతి గడియారం వంక చూసుకున్నాడు, అలవాటు కొద్దీ. తర్వాత ఎవరో శాలువా తెచ్చి, ఇంకా నిలబడే ఉన్న ఆమె భుజాల మీద కప్పారు. ఎవరో సంగీతం పెట్టారు. రూతు వెనుక తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె బయటికి వెళ్ళిపోయింది.

ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ముసలామె పూలు చల్లుతోందన్న మాట దాని కింద అలాగే ఉంది. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. కళ్ళు తుడుచుకుని, గుండె బొమ్మ పెట్టి, ఇంకొకరికి పంపించే ఉంటారు. అది మీ ఫోనులోనే ఎక్కడో ఉంటుంది. తీయండి. సంగీతం ఆపేయండి. బండి మలుపు తిరిగే చోట నిలపండి. బండిని చూడకండి, అది చేరిందని మీకు తెలుసు. ఎడమ అంచున ఆగి ఉన్న బస్సును చూడండి. కంచె పక్కన, రోడ్డు అంచున, ఎండలో మెరుస్తున్న ఇత్తడి చెంబును చూడండి. ఆమె దోసిలిలో ఉన్నది ఏమిటో చూడండి. ఆ తర్వాత ఫోను పక్కన పెట్టి, ఆ అరగంట ఆగమని ఆ పొద్దున చెప్పవలసిన మనిషి ఎవరో చెప్పండి. పరిస్థితులు అనకండి, వ్యవస్థ అనకండి. ఆమె మనిషిని అడిగింది. పేరు చెప్పండి.